బెరడులో ఉన్నదెంత, ఒంటికి పట్టేదెంత

విల్లో చెట్టు బెరడు నమిలితే ముందు చేదు తెలుస్తుంది, వెంటనే వగరు. చేదు సాలిసిన్‌ది, వగరు టానిన్లది. ఎరుపు, వేడి, వాపు, నొప్పి కలిసి వచ్చే శోథాన్ని తగ్గించే పదార్థాలు బెరళ్లలో ఉన్నాయన్నది నిజమే. కానీ పదార్థం పేరు చెప్పి ఊరుకుంటే సగం మాటే చెప్పినట్టు. ఎంత ఉంది, అందులో కషాయంలోకి దిగేదెంత, రక్తంలోకి చేరేదెంత అన్నవి తేలాలి.

ఎడ్వర్డ్ స్టోన్ అనే మతాచార్యుడు విల్లో బెరడు పొడిని సుమారు 50 మంది జ్వరపీడితులకు ఇచ్చి చూసిన సంగతి లండన్ రాయల్ సొసైటీ 1763లో ప్రచురించింది. 1828లో యోహాన్ బూఖ్నర్ ఆ చేదు పదార్థాన్ని వేరుచేసి సాలిసిన్ అని పేరు పెట్టాడు. సాలిసిన్ నేరుగా పనిచేసే మందు కాదు. దానికి ఒక గ్లూకోజ్ అణువు అతుక్కుని ఉంటుంది. పేగుల్లోని సూక్ష్మజీవుల ఎంజైములు ఆ గ్లూకోజ్‌ను తెంచాక, మిగిలిన భాగాన్ని కాలేయం సాలిసిలిక్ ఆమ్లంగా మారుస్తుంది. అందుకే ప్రభావం నెమ్మదిగా మొదలవుతుంది.

ఇక లెక్క చూద్దాం. సాలిసిన్ అణుభారం 286, సాలిసిలిక్ ఆమ్లానిది 138. అంటే 240 మి.గ్రా. సాలిసిన్ మొత్తం మారినా వచ్చేది 116 మి.గ్రా. లోపే. మనుషుల రక్తంలో కొలిచినప్పుడు, ఆ మోతాదు సుమారు 87 మి.గ్రా. ఆస్పిరిన్‌కు సరిసమానమని తేలింది. నొప్పికి మామూలుగా వేసుకునే ఆస్పిరిన్ 300 నుంచి 600 మి.గ్రా. అయినా 2000లో నడుమునొప్పి ఉన్న 210 మందిపై జరిపిన పరీక్షలో, నాలుగో వారానికి రోజూ 240 మి.గ్రా. సాలిసిన్ అందే సారం తీసుకున్నవారిలో 39 శాతం మందికి నొప్పి పోయింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 6 శాతం మందికే. బెరడులోని ఫ్లేవనాయిడ్లు, ఇతర పాలీఫినాల్స్ కూడా పాలు పంచుకుంటున్నాయని అనుకోవడానికి ఇదొక ఆధారం.

యూరప్ ఔషధ ప్రమాణాల ప్రకారం ఎండు విల్లో బెరడులో సాలిసిన్ లెక్కన కనీసం 1.5 శాతం ఉండాలి. అలాంటి బెరడులోనైనా 240 మి.గ్రా. కోసం 16 గ్రాములు కావాలి. అర శాతమే ఉన్న జాతి అయితే 48 గ్రాములు. కప్పు నీళ్లలో 3 గ్రాములు వేసి కాచుకున్నవారికి ఏమీ తెలియకపోవడంలో వింత లేదు.

కాచేటప్పుడు బెరడును ముతకపొడి చేసి, చన్నీళ్లలో వేసి, మరిగాక మూతపెట్టి సన్నని సెగ మీద పది నిమిషాలు ఉంచితే చాలు. సాలిసిన్ వేడినీటిలో బాగా కరుగుతుంది. ఇంకా మరిగిస్తే టానిన్లు మరింత దిగి కడుపులో తిప్పుతుంది. ఇనుప గిన్నె వాడితే టానిన్లు ఇనుముతో కలిసి కషాయం సిరాలా నల్లబడుతుంది. మందపాటి ముక్కల్ని గాలి తగలకుండా ఆరబెడితే లోపల బూజు పడుతుంది.

నీటికి అన్ని బెరళ్లూ లొంగవు. బిర్చ్ చెట్టు తెల్లటి పైపొరలో బెట్యులిన్ అనే పదార్థం ఎండు బరువులో 30 శాతం దాకా ఉంటుంది, కానీ నీటిలో దాదాపు కరగదు. ఎంత కాచినా గిన్నెలో మిగిలేది రంగునీళ్లే. అందుకే దాన్ని నూనెతో జెల్‌గా చేశారు. చర్మం పొక్కులుగా లేచిపోయే ఒక జన్యువ్యాధి పుండ్లకు ఆ జెల్‌ను 2022లో యూరప్ అనుమతించింది. విల్లోలో సాలిసిన్ ఉండేది లోపలి బెరడులో, బిర్చ్‌లో బెట్యులిన్ ఉండేది పైపొరలో. ఏ పొర తీశారో చెప్పని ప్రయోగం సగం విలువ కోల్పోయినట్టే.

ప్రయోగశాలలోనూ పొరపాట్లు జరుగుతాయి. ఒక సారం శోథాన్ని తగ్గిస్తుందా అని అంచనా వేయడానికి, గుడ్డు తెల్లసొనలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ను వేడిచేసి, సారం కలిపితే అది ఎంత తక్కువగా విరుగుతుందో చూసే పరీక్ష చౌక కాబట్టి విరివిగా వాడతారు. టానిన్లు ఏ ప్రొటీన్‌నైనా పట్టుకుంటాయి. తెల్లమద్ది లాంటి టానిన్లు దండిగా ఉన్న బెరడుకు ఈ పరీక్షలో వచ్చిన అంకెను శోథనివారణగా చదవడం తప్పు. ముందు టానిన్లు తొలగించి మళ్లీ చూడాలి. ఎలుక పాదం వాపు పరీక్ష ఇంతకంటే నమ్మదగినదే, కానీ మోతాదు చూడాలి. ఎలుకకు కిలోకు 400 మి.గ్రా. అంటే, ఎలుక మోతాదును మనిషి మోతాదుగా మార్చే 6.2తో భాగిస్తే మనిషికి కిలోకు 65 మి.గ్రా., 60 కిలోల మనిషికి దాదాపు 3.9 గ్రాముల సారం. వంద గ్రాముల బెరడుకు పది గ్రాముల సారం వస్తుందనుకుంటే, రోజుకు 39 గ్రాముల బెరడు! ఈ లెక్క వేయకుండా "ప్రభావవంతం" అని రాసేయడం పాఠకులకు అన్యాయం.

ఆస్పిరిన్ మాత్రకు విల్లో బెరడు బదులు కాదు. ఆస్పిరిన్‌లోని అసిటైల్ భాగం, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లలోని ఎంజైమును శాశ్వతంగా మూసేస్తుంది. సాలిసిన్‌లో ఆ భాగమే లేదు. గుండె కోసం మాత్ర వేసుకునేవారు దాన్ని మానేసి కషాయానికి మారితే రక్షణ పోతుంది. ఆస్పిరిన్ పడనివారు, కడుపులో పుండు ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు, గర్భిణులు విల్లో బెరడు జోలికి పోకూడదు. పిల్లలకు, ముఖ్యంగా వైరస్ జ్వరాల్లో, అసలు ఇవ్వకూడదు.

బెరడు సేకరణలో కాండం చుట్టూ వలయంలా ఒలిస్తే ఆకుల్లో తయారైన చక్కెర వేళ్లకు దిగే దారి తెగి చెట్టు చచ్చిపోతుంది. రెండు మూడేళ్ల కొమ్మను నరికి, దాని బెరడే ఒలవాలి. లేత కొమ్మల్లో కార్కు, అంటే ఎండిన పైపొర, తక్కువ, లోపలి బెరడు వంతు ఎక్కువ.