ఆయుధాలు చేసే ఊళ్లో ఆయుధ నియంత్రణ చదువు

2025 ఆగస్టు ఆఖర్లో అమెరికాలోని మిడిల్‌బరీ కాలేజీ, కాలిఫోర్నియాలోని మాంటెరేలో తాను నడుపుతున్న పీజీ కోర్సులను 2027 నాటికి ఆపేస్తానని ప్రకటించింది. ప్రపంచంలో అణ్వస్త్ర వ్యాప్తి నిరోధాన్నే ప్రధాన సబ్జెక్టుగా పెట్టి ఎంఏ చదివించిన చోట్లు బహు తక్కువ. వాటిలో అన్నిటికన్నా పేరున్నది ఇదే. హైదరాబాద్‌లో ఈ వార్తను పట్టించుకున్నవాళ్లు పెద్దగా లేరు. కానీ ఆ చదువు ఏ వస్తువుల గురించో వాటిలో చాలావాటిని తయారుచేసే ఊరు ఇది. క్షిపణులు రూపొందించే డీఆర్‌డీఎల్, వాటిని తయారుచేసే బీడీఎల్, ప్రత్యేక లోహాలు చేసే మిధాని కంచన్‌బాగ్‌లో ఉంటే, అణు ఇంధనం చేసే ఎన్ఎఫ్‌సీ, దాని పొరుగునే ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ నగరానికి మరో కొసన ఉన్నాయి. చేయడం ఇంతగా నేర్చిన నగరానికి, చేసినదాన్ని అదుపులో పెట్టే చదువు ఎందుకు అబ్బలేదు?

ఆ చదువు పుట్టింది బాంబు భయంలోంచి. 1955లో అణుయుద్ధ ప్రమాదాన్ని హెచ్చరించిన రస్సెల్-ఐన్‌స్టీన్ ప్రకటన, 1957లో కెనడాలోని పగ్‌వాష్ గ్రామంలో శాస్త్రవేత్తల సమావేశం దానికి తొలి మెట్లు. అప్పటికది డిగ్రీ కాదు, కొందరు భౌతికశాస్త్రవేత్తల మనస్సాక్షి వ్యవహారం. ఉద్యోగంగా మారింది సోవియట్ యూనియన్ కూలాకే. 1991 చివరికి సోవియట్ అణ్వస్త్రాలు నాలుగు కొత్త దేశాల నేల మీద మిగిలాయి. వాటిని లెక్కపెట్టి, కాపలా పెట్టి, విప్పి పారేసే పనికి అమెరికా కాంగ్రెస్ డబ్బిచ్చింది. రష్యన్ భాష, కాస్త భౌతికశాస్త్రం, ఒప్పందాల న్యాయం మూడూ తెలిసిన కుర్రాళ్లు కావాల్సొచ్చారు. మాంటెరేలో 1989లోనే విలియం పాటర్ మొదలుపెట్టిన పరిశోధన కేంద్రం సరిగ్గా ఆ అవసరానికి అందింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఈ రంగం మొదటినుంచీ ఫౌండేషన్ల గ్రాంట్ల మీద బతికింది. అణు కార్యక్రమానికి ఇచ్చే నిధులను ఆపేస్తామని మెక్‌ఆర్థర్ ఫౌండేషన్ 2021లో చెప్పినప్పుడే కాళ్ల కింద నేల కదలడం మొదలైంది.

మన దేశంలో కథ వేరు. 1954 ఏప్రిల్ 2న నెహ్రూ లోక్‌సభలో అణుపరీక్షలు నిలిపేయాలని పిలుపిచ్చారు. ఆ తర్వాత నిరాయుధీకరణ అంటే విదేశాంగ శాఖ పని అనే స్థిరపడింది. దాన్ని చదివించే ఇండియన్ స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ 1955లో ఢిల్లీలో వచ్చి, తర్వాత జేఎన్‌యూలో కలిసింది. చైనా 1964లో అణుపరీక్ష చేసిన మరుసటి ఏడాది రక్షణ అధ్యయన సంస్థ ఐడీఎస్ఏ పెట్టారు, అదీ ఢిల్లీలోనే. 1968లో అణ్వస్త్ర వ్యాప్తి నిరోధ ఒప్పందం ఎన్‌పీటీ సంతకాలకు వచ్చినప్పుడు భారత్ పెట్టనంది. 1967కు ముందు బాంబు పేల్చినవాడికి ఒక న్యాయం, తర్వాతివాడికి ఇంకో న్యాయం అన్నది మన అభ్యంతరం. అది సబబైన అభ్యంతరమే. అయితే దాంతో వ్యాప్తి నిరోధం అనేదే ఎదుటివాడి వాదంగా మిగిలిపోయింది. ఎదుటివాడి వాదాన్ని ఖండించడానికి నిపుణులు తయారయ్యారే గాని, సొంత అవసరంగా నేర్చుకోవాలని ఎవరికీ తట్టలేదు.

హైదరాబాద్‌కు ఆ వాదం పుస్తకాల్లోంచి రాలేదు, దెబ్బల రూపంలో వచ్చింది. క్షిపణి ప్రయోగశాల డీఆర్‌డీఎల్ ఢిల్లీ నుంచి 1962లో ఇక్కడికి చేరింది. ఉస్మానియా వైస్ చాన్సలర్‌గా చేసిన సూరి భగవంతం అప్పుడు రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. 1967లో అయ్యగారి సాంబశివరావు ఈసీఐఎల్‌ను నిలబెట్టారు, 1971లో ఎన్ఎఫ్‌సీ వచ్చింది. 1974 మే 18న పోఖ్రాన్‌లో పేలుడు జరగ్గానే, అణు సామగ్రి అమ్మకాలను కట్టడిచేయడానికి దాన్ని సరఫరా చేసే దేశాలు జట్టుకట్టాయి. 1983లో ఇక్కడ సమగ్ర క్షిపణి కార్యక్రమం మొదలైతే, 1987లో ధనిక దేశాలు క్షిపణి సాంకేతికత మీద ఎంటీసీఆర్ అనే కట్టడి పెట్టాయి. 500 కిలోల బరువును 300 కిలోమీటర్లు మోసుకుపోగలిగేదేదైనా దాని కింద గట్టి ఆంక్షలోకి వస్తుంది. బ్రహ్మోస్ పరిధిని చాలాకాలం 290 కిలోమీటర్లు అని చెప్పుకోవడానికి కారణం ఈ గీతే. దాన్ని మనతో కలిసి చేసే రష్యా ఎంటీసీఆర్ సభ్యదేశం, మనం అప్పటికి కాదు. 1998 పరీక్షల తర్వాత అమెరికా నిషేధ జాబితాకెక్కిన సంస్థల్లో డీఆర్‌డీఎల్, బీడీఎల్ ఉన్నాయి. 2011 జనవరిలో గాని ఆ పేర్లు తీసేయలేదు. పన్నెండేళ్లు చిన్న విడిభాగం కొనాలన్నా తంటాలుపడ్డ ఇంజనీర్లకు ఎగుమతి నియంత్రణ అంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. దాన్ని ఇష్టంగా చదవమంటే చదువుతారా?

2004లో పాకిస్తాన్ శాస్త్రవేత్త ఏక్యూ ఖాన్ అణు బేరాలు బయటపడ్డాయి. అదే ఏడాది ఐరాస భద్రతా మండలి 1540 తీర్మానం చేసి, ప్రతి దేశమూ ఇలాంటి అమ్మకాలను నేరం చేస్తూ చట్టం తేవాలంది. 2005లో మన పార్లమెంటు సామూహిక విధ్వంసక ఆయుధాల చట్టం చేసింది. 2008లో అణు సరఫరా దేశాల బృందం మనకు మినహాయింపునిచ్చింది. మరుసటి ఏడాది అంతర్జాతీయ అణుశక్తి సంస్థతో కుదిరిన ఒప్పందం కింద తనిఖీకి తెరిచినవాటిలో ఎన్ఎఫ్‌సీ ప్లాంట్లు కూడా ఉన్నాయి. ఎంటీసీఆర్‌లో 2016లో, మామూలు ఆయుధాల ఎగుమతులను కట్టడిచేసే వాసెనార్‌లో 2017లో, రసాయన, జీవ ఆయుధాలకు పనికొచ్చే సరుకును కట్టడిచేసే ఆస్ట్రేలియా గ్రూపులో 2018లో చేరాం. నిన్నటిదాకా ఆంక్షలు పడ్డవాళ్లం, ఇప్పుడు ఆంక్షలు అమలుచేసే వైపు కూర్చున్నాం. ఈ మార్పు దౌత్యవేత్తలకు తెలిసినంతగా మన కాలేజీలకు తెలియలేదు.

తెలియాల్సిన చోటు కంచన్‌బాగ్ ఒక్కటే కాదు. జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం ఫార్మా కంపెనీలనే తీసుకోండి. థయోనిల్ క్లోరైడ్ మందుల తయారీలో మామూలుగా వాడే రసాయనం. విషవాయువుల తయారీకీ పనికొస్తుంది గనుక రసాయన ఆయుధాల ఒప్పందం మూడో షెడ్యూల్లో ఉంది. దాన్ని పరిమితికి మించి తయారుచేస్తే 2000 నాటి చట్టం ప్రకారం లెక్క చెప్పాలి, తనిఖీకి వస్తే గేటు తీయాలి. డ్రోన్ భాగాలు, రాకెట్ భాగాలు, కొన్ని రకాల సూక్ష్మజీవులు దేశం దాటించాలంటే ఎగుమతికి అనుమతి కావాల్సిన సరుకుల జాబితా స్కోమెట్ చూడాలి, కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం డీజీఎఫ్‌టీ లైసెన్సు తీసుకోవాలి, కొనేవాడు దాన్ని దేనికి వాడతాడో రాతపూర్వకంగా తెప్పించాలి. ఈ పని చూసేవాళ్లు చాలా కంపెనీల్లో ఎక్స్‌పోర్ట్ గుమస్తా స్థాయి నుంచి ఎదిగి, పని మీదే నేర్చుకున్నవాళ్లు.

యూనివర్సిటీల్లో ఈ విషయం రాజనీతిశాస్త్రం ఎంఏలో ఒక యూనిట్‌గా వచ్చిపోతుంది. గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో డీఆర్‌డీవో తోడ్పాటుతో పేలుడు పదార్థాల రసాయనం మీద పరిశోధన కేంద్రం ఉంది. అదే క్యాంపస్‌లో అంతర్జాతీయ సంబంధాలు చెప్పేవాళ్లూ ఉన్నారు. ఆ రెండు భవనాల మధ్య నడక దూరమే, నడిచేవాళ్లు తక్కువ. అశోక్‌నగర్ సివిల్స్ కోచింగ్ నోట్సులో ఎన్‌పీటీ, అణుపరీక్షల నిషేధ ఒప్పందం సీటీబీటీ, ఎంటీసీఆర్ ఒకే పేజీలో పట్టికగా ఉంటాయి: ఎప్పుడు పుట్టింది, ఎక్కడుంది, మనం ఉన్నామా లేదా. పరీక్షకు అంతే చాలు.

సైన్సు దారిలో ఇటు వచ్చినవాళ్లు లేకపోలేదు. అణు భౌతికశాస్త్రంలో పీజీ చేసిన సి.రాజామోహన్ జేఎన్‌యూలో అంతర్జాతీయ సంబంధాల మీద డాక్టరేట్ చేసి ఈ రంగంలో పేరు తెచ్చుకున్నారు. ఇప్పటి విద్యార్థికీ దగ్గరి దారి అదే అనిపిస్తుంది. వియన్నాలో అణుశక్తి సంస్థ, హేగ్‌లో రసాయన ఆయుధాల నిషేధ సంస్థ తనిఖీ ఉద్యోగాలకు ముందు చూసేది ఇంజనీరింగు, రసాయనం, భౌతికశాస్త్రం, దాని మీద కొన్నేళ్ల పని అనుభవం. ఒప్పందాల చదువు ఆ తర్వాత. ఎంఎస్సీ కెమిస్ట్రీ చేసి నాలుగేళ్లు పాశమైలారంలో పనిచేసిన అమ్మాయి, ఉత్త ఎంఏ చేసినవాడికన్నా హేగ్‌కు దగ్గర్లో ఉన్నట్టే. అణు రంగంలో మాస్టర్స్ చదివే ఆడపిల్లల కోసం అణుశక్తి సంస్థ 2020లో మేరీ క్యూరీ పేరుతో పెట్టిన ఫెలోషిప్ వ్యాప్తి నిరోధం చదివేవాళ్లకూ వర్తిస్తుంది. అణుపరీక్షల నిషేధ సంస్థ సీటీబీటీవో కూడా వియన్నాలోనే ఉంది గాని, అక్కడి ఉద్యోగాలు సంతకం పెట్టిన దేశాలవాళ్లకు. మనం పెట్టలేదు.