నాలుగేళ్లకోసారి కనిపించే ఊట

ఫ్లోరిడాలో ఒక్లవాహా నది మీదున్న రాడ్‌మన్ ఆనకట్ట ఉండాలా, పోవాలా అన్న గొడవ ఇప్పట్లో చల్లారేలా లేదు. నదిని పాత దారికి తెచ్చే ప్రణాళిక కోసం రాష్ట్ర చట్టసభ 2025లో 62.5 లక్షల డాలర్లు కేటాయిస్తే, గవర్నర్ రాన్ డిశాంటిస్ ఆ పద్దును వీటో చేశారు. దాంతో పాత వాదనలన్నీ మళ్లీ పైకొచ్చాయి.

నదిని విడిపించాలన్న పట్టుదల దేనికో అర్థం కావాలంటే, ఆ ఆనకట్ట వెనకున్న రిజర్వాయర్‌లో మునిగిన కానన్ ఊటను చూడాలి. ఎప్పుడు పడితే అప్పుడు వెళ్తే కనిపించదు. మూడు నాలుగేళ్లకోసారి చలికాలంలో, నీటి కలుపును అదుపు చేయడానికి రిజర్వాయర్ మట్టాన్ని దాదాపు 7 అడుగులు దించుతారు. అప్పుడు బురదలోంచి ఎండు సైప్రస్ మోళ్లు తేలతాయి. డికాక్షన్ రంగు నది నీళ్ల పక్కనే, ఆ మోళ్ల మధ్య, అడుగు దాకా కనిపించేంత తేటగా ఒక చిన్న నీలి మడుగు బయటపడుతుంది. చిన్న పడవల్లో జనం దాని కోసమే వెళ్తారు. వసంతం వచ్చేసరికి నీళ్లు మళ్లీ పెంచుతారు, ఊట మునిగిపోతుంది. ఇలాంటివి ఆ రిజర్వాయర్ కింద 20 ఉన్నాయని లెక్క.

మునిగితే ఏం, కింద ఊరుతూనే ఉంటుంది కదా అనుకోవచ్చు. సున్నపురాయి పొరల్లోని భూగర్భజలం తన ఒత్తిడితో పైకి తన్నుకొస్తేనే ఊట పారుతుంది. పైన నిలవ నీళ్ల బరువు పడితే ఆ ఒత్తిడి చాలక ధార సన్నబడుతుంది. పారుదల తగ్గిన చోట బురద పేరుకుంటుంది.

అట్లాంటిక్ నుంచి గల్ఫ్ ఆఫ్ మెక్సికో దాకా ఫ్లోరిడాకు అడ్డంగా ఓడల కాలువ తవ్వాలన్న కల గురించి, 1964లో ఆ పనులకు ప్రెసిడెంట్ జాన్సన్ చేసిన ప్రారంభోత్సవం గురించి ఇప్పటికే చాలామంది రాశారు. ఆ కాలువలో భాగంగానే 1968లో రాడ్‌మన్ ఆనకట్ట పూర్తయింది. 16 మైళ్ల నది, సుమారు 7,500 ఎకరాల వరద అడవి దాని వెనక మునిగాయి. చెట్లు కొట్టే ఓపిక కూడా లేక 306 టన్నుల యంత్రంతో వాటిని తొక్కించి బురదలోకి నొక్కేశారు. రిజర్వాయర్ నిండాక ఆ దుంగలు చాలావరకు మళ్లీ పైకి తేలాయి.

అసలు మలుపు 1971 జనవరి 19. పర్యావరణ కార్యకర్త మార్జొరీ హారిస్ కార్, ఆమె సహచరులు 1969లో పెట్టిన సంస్థ కోర్టుకెక్కి, శాస్త్రవేత్తల నివేదికలతో పోరాడాక, ప్రెసిడెంట్ నిక్సన్ కాలువ పని ఆపేశారు. దాన్ని పర్యావరణ ఉద్యమం గెలుపుగా అందరూ చెప్పుకున్నారు, గెలుపే కూడా. కానీ ఆ ఆదేశం ఆపింది కాలువను. అప్పటికే నిండిపోయిన రిజర్వాయర్‌ను ఎవరూ ఖాళీ చేయించలేదు. కాలువను అధికారికంగా రద్దు చేయడానికి 1990 దాకా పట్టింది. ఈలోపు రాడ్‌మన్ రిజర్వాయర్ బాస్ అనే చేపల వేటకు పేరుపడింది. ఆ నీళ్లను చూస్తూ పెరిగిన తరానికి అది ఎప్పటినుంచో ఉన్న చెరువు లాంటిదే. 1971లోనే గేట్లు ఎత్తేసి ఉంటే ఇవాళ కాపాడుకోవాల్సిన చేపల వేట ఉండేది కాదు, ఈ తగువూ ఉండేది కాదు.

1990ల్లో గవర్నర్ లాటన్ చైల్స్ నది వైపు నిలిస్తే, రాష్ట్ర సెనేటర్ జార్జ్ కిర్క్‌పాట్రిక్ చట్టసభలో అడ్డుపడ్డారు. మార్జొరీ కార్ 1997లో కన్నుమూశారు. కాలువ కోసం సేకరించిన భూముల్లో ఏర్పడ్డ గ్రీన్‌వేకి, అంటే పొడవాటి పచ్చటి నేల పట్టీకి, ఆమె పేరు పెట్టారు. ఆనకట్టకు కిర్క్‌పాట్రిక్ పేరు పెట్టారు. రెండు పేర్లూ ఇప్పుడు ఒకే నేల మీద ఉన్నాయి.

చేపల వేటతో ఆనకట్ట ఉన్న పట్నమ్ (Putnam) కౌంటీకి ఆదాయం ఉందని, ఇన్నేళ్లలో ఆ నీళ్లు ఎన్నో పక్షులకు, చేపలకు ఇల్లయ్యాయని రిజర్వాయర్ పక్షం అంటుంది. ఆ బతుకుతెరువు నిజమే, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం.

అయితే నష్టం 20 ఊటలతో ఆగలేదు. మానటీలు, అంటే సముద్రపు ఆవులు, 20 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లటి నీళ్లలో ఎక్కువ కాలం తట్టుకోలేవు. ఊటల నీళ్లు ఏడాది పొడవునా 22 డిగ్రీల దగ్గరుంటాయి. చలికాలంలో మానటీలు వెతుక్కునే వెచ్చటి చోటు అలాంటిదే. ఆనకట్టకు ఎగువన సిల్వర్ స్ప్రింగ్స్ లాంటి పెద్ద ఊట ఉంది. అక్కడికి వెళ్లాలంటే వాటికి ఓడలను ఒక నీటిమట్టం నుంచి ఇంకో మట్టానికి దాటించే లాకు తప్ప దారి లేదు. లాకు తలుపుల మధ్య, ఆనకట్ట గేట్ల మధ్య నలిగి కొన్ని చచ్చిపోయాయి కూడా.

నది పక్షం అడిగేది మొత్తం కట్టడాన్ని పీకేయమని కాదు. మట్టికట్టలో కొంత భాగం తెగ్గొట్టి, నదిని పాత పాయలోకి వదలమంటున్నారు. అలా వదిలితే కానన్ ఊట మీది బరువు దిగిపోతుంది, చుట్టూ సైప్రస్ మొక్కలు మళ్లీ నాటుకుంటాయి. వీటో అయిన 62.5 లక్షలు ఆ పనికి లెక్కలు వేయడానికి అడిగినవి.