నీళ్ల పరీక్ష కాకుండా మంట పెట్టను

తార్నాక, హైదరాబాద్

ప్రియమైన పిల్లలకు,

మన బుల్లి ఆవిరి రైలింజన్‌కు చక్రాలు వచ్చాయి, పొగగొట్టం వచ్చింది, ఇంకా మంట ఎందుకు పెట్టవు తాతా అని రోజూ అడుగుతున్నారు. నీళ్లు మరిగి ఆవిరయ్యే బాయిలర్‌కు నీళ్ల పరీక్ష అయ్యేదాకా పెట్టను. ఎందుకో చెబుతాను, ఓపిగ్గా చదవండి.

మన బాయిలర్ అంటే ఒక రాగి గొట్టం, రెండు కొసలా రాగి బిళ్లలు. లోపల ఈ కొస నుంచి ఆ కొసకు ఇంకో సన్నటి గొట్టం ఉంది. గ్యాస్ మంట మండేది అందులో, నీళ్లుండేది దాని చుట్టూ. అతుకులన్నీ వెండి కలిసిన టంకంతో వేశాం. మామూలు టంకం 200 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, వెండి టంకం కరగాలంటే 600 దాటాలి. అయితే పైకి ఎంత నున్నగా ఉన్నా, లోపల టంకం పారని చోటు ఒక్కటి మిగిలినా కంటికి కనబడదు.

ఒక మిల్లీలీటరు నీళ్లు బయట మరిగి ఆవిరైతే లీటరున్నరకు పైగా చోటు ఆక్రమిస్తాయి. ఆ చోటు ఇవ్వకుండా బంధిస్తాం కాబట్టే పీడనం పుడుతుంది. మన ఇంజన్ చదరపు అంగుళానికి 40 పౌండ్ల పీడనంతో నడవాలి. అప్పుడు లోపలి నీళ్ల వేడి సుమారు 140 డిగ్రీలు. ఆ స్థితిలో అతుకు విడిపోతే నీళ్లలో కొంత భాగం ఒక్కసారిగా ఆవిరై బయటికి తన్నుకొస్తుంది. పక్కన మీరుంటారు.

అందుకే ముందు చన్నీళ్లతో పరీక్ష. బాయిలర్ నిండా నీళ్లు పోసి, గాలి బుడగ మిగలకుండా చూసి, చేతిపంపుతో 80 పౌండ్ల దాకా, అంటే నడిచే పీడనానికి రెట్టింపు ఎక్కిస్తాను. గాలితో ఎందుకు చేయకూడదు? గాలిని నొక్కితే అణిగి బలం దాచుకుంటుంది, సందు దొరకగానే ఆ బలమంతా విసురుతుంది. నీళ్లు దాదాపు అణగవు. అతుకులో లోపముంటే అక్కడ చిన్న చెమ్మ, పీడనం చూపే గేజ్ ముల్లు మెల్లగా జారడం, అంతే. ఎవరికీ దెబ్బ తగలదు. ముల్లు కదలకుండా నిలబడితేనే బాయిలర్ పాసయినట్టు. లాలాగూడ రైల్వే వర్క్‌షాప్ 1893 నాటిది. మీలో ఎవరి తాతయ్యలైనా అక్కడ పనిచేసి ఉంటే బాయిలర్ పరీక్షల గురించి అడగండి, ఈ వయసులోనూ ఉత్సాహంగా చెబుతారు.

తర్వాత పిస్టన్లు ముందుకీ వెనక్కీ కదిలే సిలిండర్లకు కాలిపంపు గాలి పెట్టి చక్రాలు తిప్పుతాను. సైకిల్ పెడళ్లు ఎదురెదురుగా ఉంటాయి కదా, ఇంజన్‌లో అలా పెడితే రెండు పిస్టన్లూ ఒకేసారి కొసకు చేరి ఇరుక్కుంటాయి. అందుకని రెండు పక్కలా చక్రాలను తిప్పే క్రాంకుల (పెడల్ కడ్డీ లాంటివి) మధ్య 90 డిగ్రీల తేడా ఉంచాం. ఒకటి కొసలో ఉన్నప్పుడు రెండోది నడుమ ఉండి బలంగా తోస్తుంది.

ఇక గ్యాస్. మనం వాడేది బ్యూటేన్, చిన్న డబ్బాలో దొరుకుతుంది. వంటగ్యాస్ సిలిండర్ జోలికి మాత్రం పోవద్దు, అందులో ప్రొపేన్ కూడా కలుస్తుంది, పీడనం ఎక్కువ. చలిదేశాల్లో బ్యూటేన్ మందగించి సతాయిస్తుంది. మన మే నెల ఎండలో కథ తిరగబడుతుంది, డబ్బాలో పీడనం బాగా పెరుగుతుంది. కాబట్టి డబ్బా నీడలోనే ఉండాలి. ఈ వాయువు గాలికంటే రెట్టింపు బరువు, నేలబారుగా పరుచుకుంటుంది. పిట్టగోడల మధ్య డాబా మీద అది పోయే దారి ఉండదు. అందుకే గ్యాస్ నింపేది కింద ఖాళీ స్థలంలో, చల్లారిన ఇంజన్‌లో, దగ్గర్లో ఏ మంటా లేనప్పుడు.

ఇంజన్‌లో గ్యాస్ ట్యాంకు కావాలనే చిన్నగా చేశాను. మంట వేడి 1000 డిగ్రీలు దాటినా, చుట్టూ నీళ్లున్నంతసేపూ రాగి అంత వేడెక్కదు. నీళ్లు అయిపోతే లోపలి గొట్టం ఎర్రబారుతుంది, అతుకులు లొంగుతాయి. అందుకే నీళ్లకంటే ముందు గ్యాసే అయిపోవాలి.

నాకు ముచ్చటైన భాగం నూనె డబ్బీ. ఆవిరి అందులోకి కొంచెం దూరి, చల్లబడి నీరై అడుక్కి దిగుతుంది. పైకి తేలిన నూనె ఆవిరి గొట్టంలోకి పొర్లి పిస్టన్లను చేరుతుంది. కదిలే భాగం ఒక్కటీ లేదు. పరుగు అయ్యాక దాని అడుగు మర విప్పితే ముందు పాలలాంటి నీళ్లు వస్తాయి. ఆ పని మీకే ఇస్తాను.

నీళ్ల పరీక్ష ఈ ఆదివారం, ఎండ ముదరకముందే. పాసైతే వచ్చే ఆదివారం మంట. మొదట చక్రాలు పైకెత్తి తిప్పుతాం, తర్వాతే పట్టాల మీదకి. చల్లని సిలిండర్లలోంచి మొదట్లో వేడినీళ్లు పొగగొట్టం గుండా చిందుతాయి, ముఖం దగ్గర పెట్టకండి. నూలు బట్టలు, కాళ్లకు బూట్లు వేసుకుని రండి. జుట్టు పొడుగ్గా ఉన్నవాళ్లు ముడి వేసుకోండి.

మీ
తాతయ్య