బుల్లి రూపచిత్రాల గది: అపోహలు - వాస్తవాలు

లండన్ శివార్లలో, థేమ్స్ ఒడ్డున ఉన్న హామ్ హౌస్‌లో గ్రీన్ క్లోజెట్ అనే చిన్న గది ఉంది. 1630లలో తీర్చిన ఈ గది గోడల నిండా అరచేతిలో ఇమిడే రూపచిత్రాలూ చిన్న పటాలూ ఉంటాయి. ఇలాంటి గదుల గురించి తరచూ వినిపించే మాటలివి.

అపోహ: లైట్లు తగ్గించడం నిర్వాహకుల పిసినారితనం.

వాస్తవం: నీటిరంగుల మీద వెలుగు 50 లక్స్ (లక్స్ అంటే వెలుగు తీవ్రతకు కొలత) దాటనివ్వకూడదు. నష్టం పోగుపడుతూనే ఉంటుంది. 200 లక్స్‌లో గంట, 50 లక్స్‌లో నాలుగు గంటలు దాదాపు సమానం. చీకట్లో దాచినా పోయిన రంగు తిరిగి రాదు. ముందుగా పోయేవి లక్క, పురుగుల నుంచి తీసిన ఎరుపులు. ఎలిజబెత్ రాణి కాలపు ఇంగ్లిష్ చిత్రకారుడు నికొలస్ హిలియర్డ్ గీసిన ముఖాలు చాలావరకు పాలిపోయి కనిపించేది అందుకే. అసలివి గోడకెక్కించడానికి పుట్టినవే కావు. 1564లో ఆ రాణి స్కాట్లండ్ రాయబారి జేమ్స్ మెల్విల్‌కు చూపించిన చిత్రాలు, ఆమె పడకగది పెట్టెలో కాగితాల్లో చుట్టి ఉన్నాయి. లోహపు రేకు మీద కాల్చిన ఎనామిల్‌కు (గాజుపూతకు) మాత్రం వెలుగు భయం లేదు, కింద పడితేనే పెచ్చులూడుతుంది.

అపోహ: అన్నీ దంతం మీద గీసినవే.

వాస్తవం: 1700 ప్రాంతం దాకా పలచని దూడ చర్మమే వాడేవారు. దాన్ని పిండి జిగురుతో పేకముక్కకు అతికించేవారు. కొన్నిటి వెనక ఇప్పటికీ పేక గుర్తులు కనిపిస్తాయి. దంతాన్ని వాడుకలోకి తెచ్చింది వెనిస్ చిత్రకారిణి రోసాల్బా కారియెరా.

అపోహ: ఒంటి వెంట్రుక కుంచెతో గీశారు.

వాస్తవం: ఒక్క వెంట్రుక మీద రంగు నిలవదు. ఈక కాడలో బిగించిన ఉడుత వెంట్రుకల కుచ్చు అది. మొన సన్నగా ఉంటే చాలు.

అపోహ: చిత్రాల్లోని నగల్లో ఉన్నవి నల్ల ముత్యాలు.

వాస్తవం: ముత్యాల మెరుపు కోసం అద్దిన వెండి, గాలిలోని గంధకం తగిలి నల్లబడింది.

అపోహ: ఫ్రేము అద్దం లోపల చెమ్మ పడితే విప్పి తుడిస్తే సరి.

వాస్తవం: చాలాసార్లు అది పాత గాజులోంచి ఊరిన క్షారం. చుక్క రంగు మీద పడితే, బంక కలిపిన ఆ రంగు కరిగిపోతుంది. గాలిలో తేమ 45-55 శాతం మధ్య నిలకడగా ఉండాలి. చిన్న గదిలో పదిమంది ఊపిరి చాలు, తేమ పెరగడానికి. మిల్లీమీటరు కన్నా పలచని దంతపు పలక అప్పుడు వంగబోతుంది, వెనక అతికిన అట్ట వంగనివ్వదు, పలక చీలుతుంది. ఒకసారికి కొద్దిమందినే లోపలికి పంపేది ఇందుకే. చెమ్మ కనబడిందా, ఫ్రేమును విప్పకుండా, బోర్లించకుండా, చదునుగా ఉంచి సంరక్షణ నిపుణుడికి అప్పగించండి.