తిరుపతి నుంచి సముద్రానికి: పులికాట్ వైపు వెళ్లేవాళ్ల అపోహలు - వాస్తవాలు

దర్శనం అయ్యాక ఒక రోజు మిగిలిందనే కుటుంబాలను సూళ్లూరుపేట, నేలపట్టు, భీమునివారిపాళెం వైపు తిప్పి చూపించడం నా పని. ఓపికుంటే తూపిలిపాళెం దాకా కూడా వెళ్తాం. 2022లో తిరుపతి జిల్లా ఏర్పడ్డాక "మనకూ సముద్రం వచ్చిందంట కదన్నా" అని అడిగేవాళ్లు పెరిగారు. వాళ్ల మనసులో ఉండే బొమ్మ మాత్రం వేరే ఊరిది: నల్లరాళ్లు, వాటిని కొట్టే అలలు, రాళ్ల వెంబడి కాలిబాట, ఆ పక్కనే రంగురంగుల పడవలు.

అపోహ: మన తీరంలోనూ రాళ్ల మీద నడుచుకుంటూ పోవచ్చు.

మనది ఇసుక తీరం. రాళ్లు కావాలంటే విశాఖ వెళ్లండి. అక్కడ కొండలు సముద్రం అంచుదాకా వచ్చి నిలబడ్డాయి కాబట్టి యారాడ, డాల్ఫిన్స్ నోస్ ఉన్నాయి, భీమిలి దారిలో మంగమారిపేట దగ్గర రాతి తోరణం ఉంది. అయితే తోరణం మనకూ ఉంది, తిరుమల కొండమీద. ఆ శిలాతోరణం దాదాపు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. అది ఏ రాయో తెలుసా? క్వార్ట్‌జైట్. వంద కోట్ల ఏళ్లకు పైగా కిందట, లోతు లేని సముద్రపు నీళ్లలో పేరుకున్న ఇసుకే గట్టిపడి అలా అయింది. అంటే అప్పుడూ మనది ఇసుకే!

అపోహ: రాజహంసలు (ఫ్లెమింగోలు) ఎప్పుడొచ్చినా కనిపిస్తాయి.

ఎక్కువ గొడవలు ఇక్కడే. మే నెలలో వచ్చి "పక్షులేవి?" అంటే నేనేం చెప్పను? పులికాట్ మన దేశంలో చిల్కా తర్వాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. విస్తీర్ణం పెద్దదేగానీ లోతు తక్కువ, చాలాచోట్ల మనిషి నడుము దాటదు. ఈశాన్య రుతుపవనాల వానలకు కాళంగి, ఆరణి నదులు నీళ్లు తెస్తాయి, సముద్రపు పోటు ముఖద్వారాల గుండా లోపలికొస్తుంది. రాయదొరువు దగ్గర ముఖద్వారం ఇసుక మేటలతో పూడుకుపోతూ ఉంటుంది. అందుకే వేసవికి ఉత్తర భాగం చాలావరకు ఎండిపోయి తెల్లటి మైదానంలా కనిపిస్తుంది.

నీళ్లు లేకపోతే పక్షులకు తిండి లేదు. అలాగని నిండా ఉన్నా లాభం లేదు. రాజహంస బురదలో తల కిందులుగా పెట్టి మేస్తుంది, దాని కాళ్లకు అందేంత నీళ్లే కావాలి. భారీ వాన పడి నీటిమట్టం పెరిగితే అవి లోపలి మెరకలకు జరిగిపోతాయి. నా లెక్కలో డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. బయల్దేరే ముందు రోజు అక్కడివాళ్లకు ఫోన్ చేసి నీళ్లెలా ఉన్నాయో అడగకుండా నేను బండి తీయను.

ఇంకో మాట. శ్రీహరికోట రోడ్డు సరస్సు మధ్యలోంచి తూర్పుకు పోతుంది. పొద్దున వెళ్తే ఎండ మొహంలోకే కొడుతుంది. చెక్‌పోస్టుకు ముందే బండి తిప్పుకుని, తిరిగి వచ్చేటప్పుడు ఉత్తరం వైపు చూడండి. చలికాలపు ఎండ దక్షిణం నుంచి పడుతుంది కాబట్టి ఆ వైపు పక్షుల రంగు స్పష్టంగా తెలుస్తుంది.

అపోహ: ఆ గులాబీ రంగు పుట్టుకతోనే వస్తుంది.

పిల్లలు బూడిద రంగులో ఉంటాయి. నాచు, చిన్న రొయ్యల్లాంటి జీవుల్లోని కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాల వల్ల ఏళ్ల మీద రంగెక్కుతుంది.

అపోహ: నేలపట్టు చూస్తే పులికాట్ చూసినట్టే.

నేలపట్టు చెరువులోని చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కడతాయి, వేటకు పులికాట్ వెళ్తాయి. ఒకటి కాన్పుల ఇల్లు, రెండోది వంటిల్లు అనుకోండి. 1976 నుంచి నేలపట్టు అభయారణ్యం. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలాలకు బలమని అక్కడి రైతులు వాటిని జాగ్రత్తగా చూసుకుంటారు. రాజహంస మాత్రం చెట్టెక్కదు, ఇక్కడ దానికోసం వెతక్కండి.

అపోహ: ఎండిన సరస్సులోకి కారు దింపొచ్చు.

పైన పొర గట్టిగానే ఉంటుంది, కింద బురద. ట్రాక్టర్ తెప్పించే ఖర్చు పెట్టుకోవాలనుకుంటే మీ ఇష్టం.

అపోహ: ఒడ్డున కట్టేసిన పడవలన్నీ టూరిస్టుల కోసమే.

భీమునివారిపాళెంలో షికారు బోట్లు వేరే ఉన్నాయి. మిగతావి పనిచేసే పడవలు. ఇరకం దీవి వాళ్లకు పడవే బస్సు: బడి పిల్లలు, బియ్యం మూటలు, ఆస్పత్రికి పోయేవాళ్లు అందరూ దాంట్లోనే. ఫొటో కోసం అందులోకి దూకి కూర్చుంటే వాళ్లకు ఎంత చిరాకో ఆలోచించండి. వల ఎండేసిన చోట చెప్పులతో తొక్కొద్దు, తెగిన కన్ను కుట్టుకోవడానికి వాళ్లకు పూట పడుతుంది.

సరస్సులో వేట కూడా ఎవరికి తోచినట్టు వాళ్లు చేసేది కాదు. తమిళనాడు వైపు ఊళ్లలో 'పాడు' అనే వంతుల కట్టుబాటు తరాలుగా ఉంది, ఏ చోట ఎవరు వల వెయ్యాలో అది తేలుస్తుంది. సముద్రంలో అయితే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో వచ్చి "తాజా చేపలేవి, పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయేం?" అని బేరాలాడకండి.

అపోహ: రాత్రి బీచ్‌లో తాబేళ్లను టార్చితో వెతకొచ్చు.

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. వెలుతురు పడితే తల్లి వెనక్కి తిరిగిపోవచ్చు. పుట్టిన పిల్లలైతే వెలుగునే సముద్రమనుకుని ఊరివైపు పాకుతాయి. అందుకే ఆ నెలల్లో నేను చీకటి పడ్డాక తూపిలిపాళెం ఒడ్డుకు ఎవర్నీ తీసుకెళ్లను, ఎంత డబ్బిస్తానన్నా సరే.

అపోహ: రాకెట్ ప్రయోగం రోజు వస్తే రెండూ చూసెయ్యొచ్చు.

ఆ రోజు వేటకు వెళ్లొద్దని మత్స్యకారులనే హెచ్చరిస్తారు, షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) రోడ్డులో తనిఖీలు ఎక్కువ. ప్రయోగం చూడాలంటే సందర్శకుల గ్యాలరీకి ముందే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి, గుర్తింపు కార్డు వెంట తెచ్చుకోవాలి. పక్షులకు ఇంకో రోజు పెట్టుకోండి. డ్రోన్ మాత్రం ఏ రోజైనా ఇంట్లోనే పెట్టి రండి.