యారింగ్ నివేదిక: కశ్మీర్‌లో మధ్యవర్తిత్వం 1957లోనే ఎక్కడ ఆగింది?

కశ్మీర్‌పై మూడో పక్షం మాట వచ్చినప్పుడల్లా మనం 1972 సిమ్లా ఒప్పందం (వివాదాలు భారత్, పాకిస్తాన్‌లే మాట్లాడి తేల్చుకోవాలన్నది) దగ్గర మొదలుపెడతాం. ఇంకో 15 ఏళ్లు వెనక్కి వెళ్లాలి. అక్కడ గున్నార్ యారింగ్ అనే స్వీడన్ దౌత్యవేత్త కనిపిస్తారు.

యారింగ్ 1907లో దక్షిణ స్వీడన్‌లో ఒక రైతు కుటుంబంలో పుట్టారు. మొదట ఆయన భాషా పండితుడు. మధ్య ఆసియాలోని ఉయ్‌గుర్ భాష కోసం 1929లో చైనా పశ్చిమ అంచున ఉన్న కాష్గర్ దాకా వెళ్లారు, 1933లో లుండ్ యూనివర్సిటీ నుంచి డాక్టరేట్ తీసుకున్నారు. 1935లో శ్రీనగర్‌లో ఉండి, మధ్య ఆసియా నుంచి వచ్చినవాళ్ల నోట కథలు విని రాసుకున్నారు. అంటే, కశ్మీర్ వివాదం పుట్టకముందే ఆయనకు ఆ ఊరు తెలుసు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో విదేశాంగ సర్వీసులో చేరి, 1948లో స్వీడన్ రాయబారిగా ఢిల్లీ వచ్చారు.

1957 ఫిబ్రవరిలో ఐరాస భద్రతా మండలి అధ్యక్ష స్థానం స్వీడన్ వంతు వచ్చింది; ఆ కుర్చీలో కూర్చున్నది యారింగే. కశ్మీర్‌కు ఐరాస సేనను పంపే ఆలోచన ఉన్న తీర్మానాన్ని సోవియట్ యూనియన్ వీటో చేసింది. మర్నాడు, ఫిబ్రవరి 21న, రెండు ప్రభుత్వాలతో మాట్లాడి రమ్మని మండలి యారింగ్‌నే పంపింది.

కరాచీ, ఢిల్లీ తిరిగాక ఆయనకు ఒకటి అర్థమైంది. చిక్కు, కశ్మీర్ ఏ దేశంలో ఉండాలన్న ప్రజాభిప్రాయ సేకరణ దాకా రాకముందే ఉంది. కశ్మీర్‌పై ఐరాస కమిషన్ చేసిన 1948 ఆగస్టు 13 తీర్మానంలోని మొదటి భాగం, అంటే కాల్పుల విరమణ, శాంతియుత వాతావరణం, అమలైందా లేదా అన్న దగ్గరే ఇద్దరికీ పడలేదు. కనీసం ఆ ఒక్క ప్రశ్ననైనా మధ్యవర్తి తీర్పుకు వదలండి అని యారింగ్ అడిగారు. పాకిస్తాన్ సూత్రప్రాయంగా సరేనంది. భారత్ కుదరదంది.

ఏప్రిల్ 29న ఇచ్చిన నివేదికలో ఆయన పరిష్కారమేదీ చూపలేదు. కానీ ఒక సంగతి రాశారు: తాత్కాలిక అవసరానికి చేసుకున్న అంతర్జాతీయ ఒప్పందాలు త్వరగా అమలు కాకపోతే, పరిస్థితులు మారిపోయి, అమలు రాను రాను కష్టమవుతుంది. పరిస్థితులు నిజంగానే మారాయి: పాకిస్తాన్ అప్పటికే సియాటో, బాగ్దాద్ ఒప్పందం అనే పాశ్చాత్య దేశాల సైనిక కూటముల్లో చేరిపోయింది.  నా దృష్టిలో యారింగ్ మొత్తం కెరీర్‌లో ఆ నివేదికలోని మాట కంటే నిజాయితీగల వాక్యం లేదు.

1967 నవంబర్‌లో ఐరాస ఆయన్ని పశ్చిమాసియాకు పంపింది. అప్పటికి ఆయన మాస్కోలో స్వీడన్ రాయబారి. ఈసారి నివేదికతో ఆగలేదు. 1971 ఫిబ్రవరి 8న రెండు వైపులనూ సూటిగా అడిగారు: ఈజిప్టు శాంతి ఒప్పందానికి సిద్ధమా? 1967 జూన్ యుద్ధంలో ఈజిప్టు నుంచి ఆక్రమించిన సినాయ్ నుంచి ఇజ్రాయెల్ పాత సరిహద్దుకు వెనక్కి వెళ్తుందా? ఈజిప్టు కొన్ని షరతులతో సిద్ధమంది. 1967 జూన్ 5కు ముందున్న హద్దులకు వెళ్లేది లేదని ఇజ్రాయెల్ రాసి ఇచ్చింది.