దీపాలదిన్నె గుంటగా మారిన ఏడాది

రాజధాని పేరు వార్తల్లోకి ఎక్కినప్పుడల్లా దాని వెనకాలే అమరావతి బౌద్ధ స్తూపం శిల్పాలను లండన్ నుంచి తెప్పించాలన్న డిమాండ్ కూడా లేస్తుంది, ఇప్పుడు గుంటూరులో మళ్లీ అదే చర్చ. శాతవాహనులు, ధాన్యకటకం సంగతి అందరికీ తెలిసిందే, వదిలేద్దాం.

ఇచ్చేది లేదనే లండన్‌వాళ్ల వాదన ఒకటే: మేం తీసుకెళ్లకపోతే మీరు ఆ రాళ్లను సున్నం చేసేసేవారు. అందులో నిజం లేకపోలేదు. 1790ల చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త ఊరు కట్టిస్తున్నప్పుడు, స్తూపం పూడిపోయి ఉన్న దిబ్బ దీపాలదిన్నెను తవ్వితే బయటపడిన పలకలు కట్టడాలకు పోయాయి, కొన్ని బట్టీల పాలయ్యాయి. (పేరుకు మార్బుల్స్ అంటారు గానీ అది మన పల్నాటి సున్నపురాయే, కాలిస్తే సున్నం కాక ఏమవుతుంది!)

సరే, తీసుకెళ్లినవాళ్లు ఏం కాపాడారు? 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు పంపిన పలకలు ఏళ్ల తరబడి ఎండకీ వానకీ ఆరుబయటే పడున్నాయి. 1859లో 120కి పైగా ముక్కల్ని లండన్‌కు ఓడెక్కించారు. అక్కడా అంతే, 1867లో వాస్తు చరిత్రకారుడు ఫెర్గుసన్ కంటపడేదాకా, అప్పటి ఇండియా మ్యూజియం ఉన్న ఫైఫ్ హౌస్ బండ్ల కొట్టంలో మూలుగుతున్నాయి. బ్రిటిష్ మ్యూజియం చేరింది 1880లో.

నా దృష్టిలో అసలు నష్టం ఓడలో పోలేదు, అదే 1880లో ఇక్కడే జరిగింది. అంతకు మూడేళ్ల ముందు మద్రాసు ప్రభుత్వ అధికారి రాబర్ట్ సీవెల్ దిబ్బలో కొంత భాగం తవ్వి, ఏ రాయి ఎక్కడ దొరికిందో రాసిపెట్టుకున్నాడు. తర్వాత మద్రాసు గవర్నర్ డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ మొత్తం శుభ్రం చేయించమన్నాడు, కూలీలు ఉన్నదంతా తోడి పక్కన పడేశారు. 1881 చివర్లో పురావస్తు అధికారి బర్జెస్ వచ్చేసరికి స్తూపం ఉండాల్సిన చోట పెద్ద గుంట! ఏ పలక ఏ ద్వారం దగ్గరిదో, దేని మీద ఏది నిలబడిందో చెప్పే ఆధారం చాలావరకు పోయింది. అంతకు చాలా ముందే, 1816 ప్రాంతంలో సర్వే అధికారి కాలిన్ మెకంజీ మనుషులు గీసిన బొమ్మలే ఇప్పటికీ దిక్కు. ఈ పని చేసింది సున్నం బట్టీవాళ్లు కాదు, ప్రభుత్వం.

లండన్‌వాళ్లు ఇప్పుడు 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం చూపిస్తారు, వస్తువులు ఇచ్చేయడానికి అది దాదాపు ఒప్పుకోదు. కానీ చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ బోలెడు పలకలున్నాయి. 1953లో రాష్ట్రం విడిపోయినా అవి అక్కడే ఉండిపోయాయి, లండన్ మీద లేచే గొంతులో సగమైనా అటువైపు లేవదు, బెజవాడ నుంచి రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి చేరే ఊరే అయినా.